ఊపిరి వదిలి ఆగాలి

పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకుంటూనే మామగారు తేల్చేశారు. "ఆ సొరంగంలోకి నేను మళ్లీ వెళ్లను."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి ఆయన గుండె కుడివైపు సాగిపోయిందని నిరుడు ఎంఆర్‌ఐలో తేలింది. వాడుతున్న మాత్రలు చాలో, రాత్రింబగళ్లు సూదితో ఎక్కించే మందుకు మారాలో ఇప్పుడు మళ్లీ బొమ్మ తీస్తేగానీ తెలియదు. ప్రతి బొమ్మకీ ఊపిరి పూర్తిగా వదిలి, కాసేపు ఆగాలి. నిన్న మిషన్లో ఆగమని చెప్పినప్పుడల్లా ఆయన గుండెల నిండా పీల్చి బిగబట్టారు. బొమ్మలన్నీ చెదిరిపోయాయి.

"చెప్పినట్టు చేస్తే ఏం పోయింది నాన్నా?" కొడుకు విసుక్కున్నాడు.

"బ్యాండులో క్లారినెట్ ఊదినవాణ్ణిరా. గాలి పట్టకుండా ఆగడం నాకు అలవాటు లేదు."

"ఇది కచేరీ కాదు, నీ ప్రాణం. నీ మొండితనంతో మమ్మల్ని చంపుతున్నావు." కొడుకు చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్లాడు.

మామగారు మొండివారే, కోడలికి తెలుసు. కానీ నిరుడు అత్తగారు ఉన్నప్పుడు ఇదే పరీక్ష చక్కగా చేయించుకున్న మనిషి. కోడలు ఆయన పక్కన కూర్చుంది.

"నాతో చేయండి మామయ్యా. వదిలేసి ఆగుదాం."

ఆమె ఊపిరి వదిలి ఆగింది. రెండు క్షణాలు కాలేదు, ఆయన ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"పీల్చుకో అమ్మా, పీల్చుకో." ఆమె పీల్చుకునేదాకా చెయ్యి వదల్లేదు. "మీ అత్త ఇలాగే వదిలింది. మళ్లీ తీసుకుంటుందిలే అని చూస్తూ కూర్చున్నాను."

గుమ్మంలోని కొడుకు వెనక్కి వచ్చి తండ్రి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "ఒక్కమాట చెప్పొచ్చుగా నాన్నా."

"మాత్ర వేసుకున్నావా అనేగా నువ్వు అడిగేది."

కొడుక్కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆ వారమే మళ్లీ వెళ్లారు. సంగతి విని, పరీక్ష చేసే అమ్మాయి తన మైకు కోడలికిచ్చింది.

"వదలండి మామయ్యా. ఆగండి." గాజు అవతల మిషను టకటకలాడింది. "ఇక పీల్చుకోండి. నేనిక్కడే ఉన్నాను."

బొమ్మలు నిలకడగా వచ్చాయి. గుండెలో సాగిన కుడి గది నిరుటికన్నా చిన్నదయిందనీ, బలంగా కొట్టుకుంటోందనీ, మాత్రలే చాలనీ డాక్టరు చెప్పాడు.

బయట వరండాలో మామగారు కోడలి తలమీద చెయ్యి వేశారు.

"నీ మాట నమ్మి ఊపిరి వదిలాను తల్లీ. ప్రతిసారీ మళ్లీ నాకిచ్చావు."

ఆమె కన్నీళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది.