గడిల పదమూడు గంటలు

రామన్నపేట అవతల కోటసొంటి దొర గడి దిక్కు పొద్దుగూకినంక మనిషన్నోడు పోయేటోడు కాదు. రజాకార్ల కాలమది. దొర పట్నం పారిపోయి ఆర్నెల్లయింది, తలుపులన్ని మూసే ఉన్నయి... అయినా లోపల గోడగడియారం గంటలు కొడుతుండె. అదన్న సక్కగనా? ఒకనాడు పదమూడు, ఒకనాడు పదిహేడు!

సచ్చిన పెద్దదొరే తిరుగుతుండని ఊరంత నమ్మింది.

రాజంది దేవరకొండ, ఊరూరు తిరిగి గడియారాలు బాగుచేసేటోడు. నాకు ఈ సంగతి చెప్పింది ఆయనే. ఒకనాడు చీకటివడ్డంక, పనిముట్ల సంచి భుజానేసుకొని గడి ముంగట్నుంచి పోతుండట. లోపల గంట మొదలైంది. రాజం చేతేళ్ల మీద లెక్కవెట్టిండు... ఏడు గావాలె. పదమూడు కొట్టింది.

ఇంకొకడైతే ఉరుకుతుండె. తప్పు గంట వింటే రాజంకు పన్ను సలిపినట్టయితది. ఎనక దర్వాజ తోసుకొని లోపలికి వోయిండు.

అగ్గిపుల్ల గీసి, సంచిలోని దీపం ముట్టించి, గడియారం తలుపు తెరిసిండు. గంటల చక్రం గాట్లల్ల జిడ్డు పేరుకుంది — ఆగాల్సిన కాడ ఆగుతలేదు. కుంచెతోని తుడిసి, సుక్క నూనె వోసి, ముల్లు తిప్పి చూసిండు. ఎనిమిదికి ఎనిమిదే!

మురిసేలోపల్నే యాదికొచ్చింది... వారానికోపారి కీ ఇయ్యకుంటే ఇది ఆగిపోవాలె గద. మరి ఆర్నెల్లసంది ఎవ్వరిస్తున్నట్టు?

మెడ మీద ఊపిరి తగిలింది.

"ఎంత పని జేస్తివి కొడుకా..."

రాజం దీపం ఎత్తి మెల్లగ తిరిగిండు — గడి ఊడ్సే గుర్వమ్మ! ఆమె ఎనక గోడపొంటి పదిమంది ఆడోళ్లు, సంకల పిల్లలు.

"రజాకార్లకు భయపడి రాత్రిపూట ఈడ్నే పంటున్నం. వాళ్లు గా పిచ్చి గంటలకు బెదిరి లోపలికి వస్తలేరు. కీ నేనే ఇస్త. నిన్నెవడు బాగుచెయ్యమన్నడయ్యా?"

"మళ్ల పాడుచేస్తనవ్వా, జర ఆగు—"

పెద్దదర్వాజ కిర్రుమన్నది. లాంతరు ఎలుగు... మగోళ్ల మాటలు...

"ఎనిమిదే కొట్టిందిరో! దెయ్యం లేదు, ఏం లేదు. నడువున్రి!"

పాడుచేసే టైమేది? రాజం సంచిలకెల్లి సుత్తె తీసి, గంట మీద తనే కొట్టుడు షురూ జేసిండు. పది... పదమూడు... ఇరవై... చెయ్యి ఆగుతలేదు.

"అరే, భాగో!"

ఉరికిన సప్పుడు దూరమైనా రాజం కొడుతనే ఉన్నడు. గుర్వమ్మ చెయ్యి పట్టుకుంటే గాని ఆగలే. నలభైదాక లెక్కవెట్టినమన్నరు ఆడోళ్లు.

తెల్లారి గడియారాన్ని మళ్ల పాడుచేసిండు. బాగుచేసినదానికన్న పాడుచేసుటానికే ఎక్కువసేపు వట్టిందట.

పెద్దదర్వాజ కాడ ఉరికినోళ్లయి మూడు జతల చెప్పులు వడి ఉన్నయి. ఒక జత రాజంకు సరిపోయింది. దేవరకొండ దాక గవే ఏసుకొని నడిసిండు.