పంపు గుంతలో రెండో గొంతు

కాజీపల్లి దాటి జిన్నారం పోయే దారిలో ఒక మందుల కంపెనీకి గెస్ట్ హౌసు ఉండేది. చుట్టుపక్కల బోర్లలో నీళ్ళు రంగు మారి, గొడ్లు కూడా మూతి పెట్టని రోజుల్లో అక్కడ మాత్రం నీలంగా మెరిసే ఈత కొలను. దొరల సోకు దొరలది, మనకెందుకు గాని, ఆ కొలను నీళ్ళు తిప్పే పంపు మాడిపోయింది. కొత్త పంపు బిగించడానికి ముత్తంగి నుంచి ఎలక్ట్రీషియన్ ఐలన్న లూనా మీద వచ్చాడు. అతన్ని పిలిపించింది అక్కడ మెయింటెనెన్స్ చూసే పెంటయ్య. ఇద్దరూ ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్న దోస్తులు.

మోటర్ల పనిలో ఒక కట్టుబాటు ఉంది. బోర్డు ఒకచోట, మోటరు ఒకచోట ఉన్నప్పుడు ఒకడు బోర్డు దగ్గర ఫ్యూజులు పీకి నిలబడాలి. రెండోవాడు వైరు ముట్టుకునే ముందు కేకేసి అడగాలి. "పీకిన, పట్టుకో" అని జవాబు వచ్చాకే చెయ్యి పెట్టాలి. జవాబు చెప్పేవాడి నోట్లో అడిగినవాడి ప్రాణం ఉంటుంది. వేరేవాళ్ళు చెబితే ఐలన్న టెస్టరు పెట్టి మరీ చూసుకునేవాడు. పెంటయ్య చెబితే చూసుకునేవాడు కాదు. కట్టుకున్నదాన్నయినా అనుమానిస్తాడేమో గాని పెంటయ్యను అనుమానించడని తోటివాళ్ళు ఎగతాళి చేసేవారు.

కొలను పక్కనున్న గుంతలో కొత్త పంపు సాఫీగానే కూర్చుంది. స్విచ్చి వేస్తే మాత్రం గుర్రుమన్నదే తప్ప తిరగలేదు.

"మూడు ఫేజులల్ల ఒకటి అందుతలేదురా," అన్నాడు ఐలన్న. "గుంతల యాడనో జాయింటు ఊడింది."

"నువ్వు దిగు. బోర్డు కాడ నేనుంట," అన్నాడు పెంటయ్య, వేరే దిక్కు చూస్తూ.

పొద్దటి నుంచీ అంతే, ముఖంలోకి చూడడం లేదు. తమ్ముడి దుఃఖం ఇంకా ఆరలేదనుకుని ఐలన్న జాలిపడ్డాడు. పెంటయ్య తమ్ముడు యాదగిరి కిందటి వానాకాలం జిన్నారంలో, ఎవరి పొలంలోనో, బోరు మోటరు దగ్గర షాకు కొట్టి చనిపోయాడు. అలా అని పెంటయ్యే చెప్పాడు. యాదగిరికి పని నేర్పిందీ ఐలన్నే, పాడె మోసిందీ ఐలన్నే.

ముసురు పట్టి పొద్దు ముందే వాలింది. ఐలన్న గుంత మీది ఇనుప మూత ఎత్తి, టార్చి పట్టుకుని మళ్ళీ నిచ్చెన దిగాడు. లోపల బ్లీచింగ్ పౌడరు ఘాటు, గోడల నాచు వాసన. వాటి అడుగున ఎప్పుడో కాలిన వైరు వాసన. ఎక్కడో పైపు నుంచి చుక్కలు పడుతున్నాయి. నీళ్ళు పాదాలు మునిగేంత ఉన్నాయి, వానాకాలం చలికన్నా ఎక్కువ చల్లగా ఉన్నాయి.

గోడకున్న పెట్టె మూత విప్పి టార్చి వేశాడు. ఒక జాయింటు మీద చుట్టిన నల్ల టేపు చివర చిన్నగా మడిచి ఉంది.

ఐలన్న చెయ్యి ఆగిపోయింది. తర్వాత వచ్చేవాడి గోటికి అందాలని టేపు కొస అలా మడవడం అతని అలవాటు. ఆ అలవాటు అతను నేర్పింది ఒక్కడికే. ఆ ఒక్కడు ఈ గుంతలోకి ఎప్పుడు వచ్చాడు? పెంటయ్య ఎన్నడూ చెప్పలేదే!

పైకి వెళ్ళాక అడుగుదాంలే అనుకుని కేకేశాడు.

"పీకినవారా?"

"పీకిన... పట్టుకో!"

చెయ్యి ముందుకు చాచాడు.

"పట్టుకోకు..."

ఎవరో చెవి పక్కనే అన్నారు. తడి ఊపిరి మెడకు తగిలింది. టార్చి వెనక్కి తిప్పాడు. గోడ. నాచు. ఎవరూ లేరు.

"ఏందిరా లేటు? పట్టుకో, ఏం గాదు!" పైనుంచి పెంటయ్య.

"టెస్టరు పెట్టి సూడు, ఐలన్నా..."

ఆ గొంతు తెలుసు. జేబులోంచి టెస్టరు తీసి, వైరు కొసకు ఆనించాడు.

ఎర్రగా వెలిగింది.

"యాదగిరీ..."

"జిన్నారం అబద్ధమన్నా. గీ వైరే... గీడనే. కంపెనీవోళ్ళు చెప్పొద్దన్నరు. మా అన్న చెప్పలే." చుక్కలు పడడం ఆగిపోయింది. "గప్పటి సంది గీడనే ఉన్న. నిచ్చెన అందుతలేదు. ఒక్కపారి గూడ ఇంటికి పోలే. అవ్వ మొకం సూడలే..."

నీళ్ళలో ఏదో అతని చీలమండను మెల్లగా నిచ్చెన వైపు తోసింది. ఆపైన ఐలన్న ఎలా ఎక్కాడో అతనికే తెలియదు.

బోర్డులో ఫ్యూజులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి ముందు పెంటయ్య రెండు చెవులూ మూసుకుని గొంతుక్కూర్చున్నాడు. అరుపు వినబడకూడదని కాబోలు. ఐలన్నను చూసి బావురుమన్నాడు.

"వాడు ఇంటికొస్తుండురా! దినాం మాపటికి తడి బట్టలతోని తలుపు కాడ నిలవడి, 'అవ్వా, నేనే' అంటుండు. తోడొకన్ని ఇస్తే పోతడట. లేకుంటే అవ్వను తీస్కపోతడట. ఆమేమో తలుపు తీస్తనని ఏడుస్తది. నేను గడపకు అడ్డం పండుకుంటున్న..."

"గందుకు నన్నిస్తివా?"

"ఎవన్నో ఇస్తే వాడు బెదురుతడురా," అన్నాడు పెంటయ్య ముక్కు తుడుచుకుంటూ. "నువ్వయితే పని నేర్పినోనివి. వానికి మంచిగుంటదనుకున్న."

ఐలన్నకు భయమంతా ఎటో పోయింది. ఒకే కంచంలో తిన్న మనిషి! నమ్మి ప్రాణం చేతిలో పెడితే, దాన్ని చుట్టానికి పళ్ళు పంపినట్టు పంపబోయాడు. చచ్చినవాడికున్న నీతి బతికున్నవాడికి లేకపోయింది.

"నీకు కనవడ్డడా? ఏమన్నడు?" ఆశగా అడిగాడు పెంటయ్య.

ఒక్క మాట చెబితే చాలు. నీ తలుపు దగ్గరికి వచ్చేది నీ తమ్ముడు కాదురా, వాడు ఈ గుంత దాటి ఎటూ పోలేదు అని. ఆ మాట నాలిక దాకా వచ్చింది. ఐలన్న దాన్ని మింగేశాడు.

"ఏమనలే," అన్నాడు.

పెంటయ్య ముఖం తేటపడింది. "నిన్నేం చెయ్యలేదంటే వానికి కోపం లేనట్టేరా. మనోడే గదా. ఇగ అడ్డం పండ. ఇయ్యాల అవ్వను తలుపు తియ్యనిస్త." అని సైకిలెక్కి పోయాడు.

చస్తే చావనీ అనుకుంటూ ఐలన్న లూనా తోలాడు. వాన ముఖాన కొడుతోంది. సగం దారిలో పెంటయ్య తల్లి రాజవ్వ గుర్తొచ్చింది. పెంటయ్య ద్రోహి, సరే. ఆ ముసలితల్లి చేసిన పాపమేంటి? కిరాయి గది కూడా దొరకని రోజుల్లో తనను కొడుకుల పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టిన మనిషి. తనను తాను తిట్టుకుని, బండి వెనక్కి తిప్పాడు.

కాజీపల్లి బస్తీలో పెంటయ్య ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. గడప బయట పెంటయ్య సైకిలు పడి ఉంది. రాజవ్వ చేతిలో కూర గిన్నెతో ఎదురొచ్చింది. ఆమె ముఖం అంత వెలుగ్గా ఉండడం ఐలన్న ఎన్నడూ చూడలేదు.

"రా బిడ్డా, జల్ది రా! మా యాదగిరి వచ్చిండు. అన్నదమ్ములిద్దరు కలిసి తింటుండ్రు, సూడు."

ఐలన్న ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. దీపం ముందు కంచం ఒక్కటే. కూర్చున్నది కూడా ఒక్కడే, వీపు ఇటు పెట్టి. పెంటయ్య చొక్కా, తడిసి ఒంటికి అంటుకుని ఉంది.

"అవ్వా... బయటికి రా," అన్నాడు ఐలన్న గుసగుసగా.

ఆమె వినలేదు. మురిసిపోతూ వెళ్ళి కూర వడ్డించింది.

కూర్చున్నవాడు ఆకలిగా, రెండు చేతులతో తింటున్నాడు. అందులో ఒకటి పెంటయ్యదే.

రెండూ కుడిచేతులే.