ఊదాదీపంలో గొంతు

ఆ కాలంలో బారువ తీరాన పొద్దు వాలితే ప్రతి వంటింటి గూట్లోనూ ఊదాదీపం వెలిగేది. దీపమంటే మంట కాదు, గాజుబుడ్డిలో చిటికెడు ఉప్పు. కాస్త వెచ్చబెడితే ఊదారంగు ఆవిరి మెల్లగా లేచి, పోయినవాళ్ళ గొంతుతో ఒకటి రెండు మాటలు పలికి, చల్లారగానే మళ్ళీ ఉప్పులో సర్దుకునేది. జనం దాని ముందు కూర్చుని అన్నం తినేవారు.

దాన్ని కనిపెట్టింది వకుళ. సముద్రపు నాచులోంచి తీసే అయొడిన్‌ను ఆవిడ కావాలనే ఎంచుకుంది. ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ ఒకే ఇంటి పిల్లలు. నలుగురికీ ఒక్కొక్క ఎలక్ట్రాన్ తక్కువ, ఆరాటమంతా దానికోసమే. పెద్దది ఫ్లోరిన్, పట్టుకుంటే వదలదు. కిందికి వచ్చేకొద్దీ రంగు చిక్కబడుతుంది, పట్టు సడలుతుంది. అయొడిన్ పట్టు మరీ మెత్తన. అందుకే వెలిగించిన ప్రతిసారీ గొంతు ఇసుమంత అరిగి, పదేళ్ళకు పూర్తిగా పోయేది. మెల్లగా మరిచిపోవడమే ఓదార్పని వకుళ సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకునేది.

నాచుతోటల్లో మునిగి పనిచేసిన ఆమె భర్త సింహాద్రి పోయి తొమ్మిదేళ్ళు. బతికున్నన్నాళ్ళూ రోజూ వండిపెట్టి పిలిచేవాడు. ఆవిడ పనిలోంచి తలెత్తకుండా ఒకటే జవాబు చెప్పి గంటలు గడిపేసేది. ఆ పిలుపే ఇప్పుడు ఆమె బుడ్డిలో మిగిలింది.

"అన్నం సల్లారిపోతంది, బేగి రా."

ఈమధ్య అందులో 'బేగి' వినబడటం మానేసింది. సభల్లో చెప్పిన ఓదార్పు వకుళకు ఏమాత్రం అక్కరకు రాలేదు.

ఆ మధ్యాహ్నమే ఆ ఉప్పును, ఫ్లోరిన్‌కు తట్టుకునే నికెల్ పాత్రలో పోసి మూత బిగించింది. ఫ్లోరిన్ వస్తే అయొడిన్‌ను గెంటేసి ఆ చోట తానే కూర్చుంటుందని, ప్రయోగశాల యంత్రం మేధ గుర్తుచేసింది.

"ఆ పాఠం నీకు చెప్పింది నేనే కదా. గొంతు బయటపడగానే కొత్త ఉప్పు దాన్ని పట్టేస్తుంది. వాయువు వదులు."

"అలాగే, డాక్టరుగారూ. గోడ మీద మీరు రాసింది మాత్రం మరవకండి."

గోడ మీద ఆమె చేతిరాతే ఉంది: ఉప్పు గట్టిపడేవరకు నోరు మెదపరాదు. అది దగ్గరి గొంతును పట్టుకుంటుంది.

పాత్ర కిటికీ వెనక ఊదామబ్బు కమ్ముకుంది. ఉన్న అయొడినంతా ఒక్కసారిగా విడుదలవడంతో, సింహాద్రి పక్కగదిలో నిలబడ్డంత స్పష్టంగా పిలిచాడు. 'బేగి' కూడా వినబడింది. వకుళ కళ్ళు మూసుకుంది. ఆమెకు తెలియకుండానే పెదవులు కదిలాయి.

మబ్బు గొట్టంలోంచి సముద్రం మీదికి పోయింది. అడుగున తెల్లని ఉప్పు మిగిలింది.

"పట్టు గట్టిగా ఉంది. వెయ్యేళ్ళయినా అరగదు," అంది మేధ.

"వినిపించు."

"ఒక్క నిమిషం, వస్తున్నా," అంది ఉప్పులోంచి వకుళ గొంతు.

ఆ సాయంత్రం ఆమె రెండు కంచాల్లో అన్నం వడ్డించి, సింహాద్రి కూర్చునే పీట మీద కూర్చుంది. దీపం 'వస్తున్నా' అన్నప్పుడల్లా తలుపు వైపు చూస్తూ, అన్నం చల్లారిపోయేదాకా ఎదురుచూసింది.