సప్పుడు రాని టైర్లు

మలుపు దాటితే పల్లం. పల్లంలో నీళ్లు.

సదాశివ్ పక్క సీట్లో కూర్చుని, రెండు కాళ్లూ నేలకు తన్నిపెట్టి, కళ్లు మూసుకుంటాడు.

చీకటి పడి ఎంతోసేపు కాలేదు. బీదర్ వెనకబడింది. కమఠాణ ముందుంది. మధ్యలో వాన తప్ప ఏమీ లేదు.

ఇప్పుడు...

ఇప్పుడే...

ఏమీ జరగదు.

ఆ ఎర్రటి స్పోర్ట్స్ కారు నీళ్లలోకి దిగి, వాటిని మెల్లగా పక్కలకు తోసి, అవతలి గట్టెక్కుతుంది. స్పీడోమీటరు ముల్లు నలభై దగ్గరే ఉంది.

"ఏం సేటూ," అంటాడు స్టీరింగ్ పట్టుకున్నవాడు. "డోరును గట్ల పట్టుకున్నవేంది? నీ టైర్ల మీద నీకే భరోస లేదా?"

సదాశివ్ కళ్లు తెరుస్తాడు.

తాను చావవలసిన చోటు దాటిపోయింది.

వీడు చావవలసిన చోటు కూడా.

మధ్యాహ్నం బీదర్‌లో సదాశివ్ టైర్ల దుకాణం ముందు కారు ఆపి, పేరు పీరప్ప అని చెప్పాడు ఈ మనిషి. ముప్ఫై ఏళ్లుండవచ్చు. హైదరాబాద్‌లో కార్ల షోరూమ్‌లో డ్రైవరట. కారు యజమానిదట.

"వానల జారొద్దు. సప్పుడు రావొద్దు. గవే టైర్లు కావాలె."

"హైవే మీద ఎంత స్పీడుల పోతరు?"

"హైవే ముచ్చట వద్దు సేటూ. ఊళ్లె మొరం దారి మీద మెల్లగ పోతుంటే, ఎవ్వరి చెవిల పడొద్దు."

సదాశివ్ వెడల్పాటి రేసింగ్ టైరు చూపించాడు. "ఎండల దీన్ని మించింది లేదు. వానల మాత్రం సబ్బు బిళ్ల."

"వద్దు."

లోతైన గాడులున్న మరొకటి దొర్లించాడు. "ఇది నేలను ఇడువది. కానీ తేనెటీగల లెక్క మోగుతది."

"అసలే వద్దు."

మూడోది తీశాడు. మెత్తటి రబ్బరు. బాణం మొనలాగా మధ్య నుంచి అంచులకు సాగే గాడులు. నీటిని చీల్చి ఇరుపక్కలా పారదోలడానికే చెక్కిన గాడులవి. రబ్బరు దిమ్మెలన్నీ ఒకే కొలతలో లేవు. అందువల్ల వాటి ధ్వనులు కలిసి ఒకే మోతగా ఎదగవు. నేలను తాకిన శబ్దం నేలలోనే ఇంకిపోతుంది.

"ఇది," అన్నాడు సదాశివ్.

అంటూనే అతని మనసు మరో దారిన నడిచింది. ఇటువంటి కారున్నవాళ్లు నలుగురూ తిరిగి చూడాలని కోరుకుంటారు. ఊరి సందులో ఎవరికీ వినపడకూడదని అడిగినవాడు ఇతనొక్కడే.

ఏ ఊరు?

కారును షెడ్డులోకి తేవడానికి సీటు వెనక్కి జరిపినప్పుడు, కింద పిస్తోలు కనిపించింది.

అప్పుడు ఊరి పేరు అడగనవసరం లేకపోయింది.

రేపు పొద్దున కోర్టులో సదాశివ్ అక్క కాశీబాయి సాక్ష్యం చెప్పాలి. కమఠాణలో ఆమె ఇంటి మిద్దె మీద నుంచి చూస్తే ఎర్రరాతి క్వారీ మొత్తం కనిపిస్తుంది. క్వారీ యజమాని రామ్‌రావు, మేస్త్రీ తుకారాంను అంచు నుంచి కిందికి తోసెయ్యడం ఆమె కళ్లారా చూసింది. ఆమె తప్ప ఎవరూ చూడలేదు. ఇంటికి కాపలా పెట్టమని సదాశివ్ వారమంతా పోలీసుల చుట్టూ తిరిగాడు. ఒక్కరూ రాలేదు.

అక్కకు ఫోన్ చేశాడు. స్విచాఫ్.

మళ్లీ చేశాడు. స్విచాఫ్.

పనివాళ్లను టీకి పంపి, ముందు చక్రాలు రెండూ తానే బిగించాడు. ఎడమది కుడికి. కుడిది ఎడమకి.

టైరు పక్కన చెక్కిన బాణం గుర్తు ఇప్పుడు వెనక్కి చూస్తోంది. నీటిని బయటికి తొయ్యవలసిన గాడులు లోపలికి లాగుతాయి. డెబ్బై దాటాక నిలువనీటి మీదికి వెళితే, చక్రం రోడ్డును వదిలి నీటి మీద తేలుతుంది. తర్వాత స్టీరింగ్ ఎటు తిప్పినా ఒకటే.

అంతా అయ్యాక పీరప్ప తాళంచెవి ఆడిస్తూ అన్నాడు.

"ఎక్కు సేటూ. కొత్త టైర్లేస్తే మొదటి రౌండు పక్కన కూసుంటవంట గద. మీ బాపు కాలం నుంచి అదే రివాజంట."

నిజమే. ఆ దుకాణంలో టైరు బిగించిన చెయ్యే దాని మీద మొదట ప్రయాణం చేస్తుంది. తండ్రి పెట్టిన ఆనవాయితీ. ఏనాడూ తప్పలేదు.

ఎక్కనంటే ఎందుకని అడుగుతాడు.

ఎక్కాడు.

కానీ వీడు... ఆ ఆనవాయితీ సంగతి వీడికెవరు చెప్పారు?

కారు కమఠాణ పొలిమేర చేరుతుంది.

"ఇక్కడ దించు," అంటాడు సదాశివ్. "టైర్లు మంచిగనే ఉన్నయి."

"రౌండు కాలేదు గద. కూసో."

పీరప్ప లైట్లు ఆర్పేస్తాడు. కారు క్వారీ సందులోకి తిరుగుతుంది. మనిషి నడిచేంత మెల్లగా. వాన చప్పుడులో ఇంజన్ కూడా వినపడదు.

సందు మొదట్లో, రేకుల షెడ్డు కింద, జీపు.

సదాశివ్‌కు ఆ జీపు తెలుసు. రామ్‌రావుది. లోపల సిగరెట్ నిప్పు వెలిగి ఆరుతోంది. కారు దాని వెనక నుంచి చీకట్లో జారిపోతుంది.

జీపులో వాళ్లు. కారులో వీడు. అక్కకు ఇక దారేది?

అతని చెయ్యి మెల్లగా డ్రైవర్ సీటు కిందికి పాకుతుంది. ఇనుము తగలాలి...

ఖాళీ.

"దాని కోసం ఎతకకు," పీరప్ప గుసగుసగా అంటాడు. పిస్తోలు అతని ఒడిలో ఉంది. "నీకు అలవాటు లేదు. ఎవలికన్న తగులుతది."

కారు ఆగుతుంది. అక్క ఇంటి పెరటి గోడ.

సదాశివ్ అతని మీదికి దూకడానికి ఊపిరి బిగబడతాడు.

పక్క కిటికీ అద్దం మీద ఎవరో వేళ్లతో కొడతారు.

"జరుగు తమ్మీ. నేనెక్కడెక్కాలె?"

కాశీబాయి!

తల మీద గోనెసంచి మడిచి వేసుకున్న కొప్పెర. చంకలో చిన్న మూట. వానలో తడుస్తూ, పొలానికి పోయే మనిషిలాగా నిలబడి ఉంది.

సదాశివ్ దిగి సీటు ముందుకు మడుస్తాడు. ఆమె వెనక ఇరుకులోకి ముడుచుకుని కూర్చుంటుంది.

"ఏం బండి పీరప్పా ఇది. మేకపిల్ల కూడ పట్టది."

"జీపుకు అందనిది గిదొక్కటే దొరికింది అక్కా."

"అక్కా..." సదాశివ్ వెనక్కి తిరుగుతాడు. "ఈయన..."

"తుకారాం తమ్ముడు. పొద్దుగాల నన్ను కోర్టుల దించేది ఈయననే. నీ దుకాణం కాడికి నేనే తోలిచ్చిన. మా తమ్ముని చెయ్యి తగలని టైరు మీద నేను ఎక్కనని చెప్పిన."

సదాశివ్ చూపు ముందు చక్రాల వైపు పోతుంది.

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే దుకాణంల పదిమందికి చెప్తవ్. అందుకే ఫోను సుత బంద్ పెట్టిన."

పీరప్ప కారును ముందుకు పోనిస్తాడు. సందు అవతలి కొస నుంచి డాంబర్ రోడ్డు. చెరకు తోటల మీదుగా వాగు దాటితే హైవే. కారు డాంబర్ ఎక్కుతుంది. ముల్లు ముప్ఫై దాటుతుంది.

ఊఁ...

సన్నటి మోత.

ముల్లు నలభై దాటుతుంది.

ఊఁఁఁ...

ఇందాక బయలు రోడ్డు మీద, వాన హోరులో అది ఇద్దరికీ వినపడలేదు. ఇప్పుడు వినపడుతోంది. తిరగబడిన గాడులు గాలిని మింగి, నేలకు కొట్టి కక్కుతున్న ఊళ. సందులో ఇళ్ల గోడలకు తగిలి, వెనక్కి వెళుతోంది.

"సేటూ, ఏందిది? సప్పుడు రాదంటివి?"

సదాశివ్ వెనక్కి తిరిగి చూస్తాడు.

వెనక, రేకుల షెడ్డు కింద, రెండు లైట్లు వెలుగుతాయి.

"సూసిండ్రు," అంటుంది కాశీబాయి.

పీరప్ప కాలు కిందికి దిగుతుంది. యాభై. అరవై. ఊళ కేకగా మారుతుంది. జీపు మొరం చిమ్ముతూ సందులోంచి బయటపడుతుంది.

"వాగు మీద నీళ్లుంటయా?" పీరప్ప అడుగుతాడు.

"వానకాలం నీళ్లుండని రోజేది?" అంటుంది కాశీబాయి. "కాజ్‌వే మీద పారుతుంటయి. పోవచ్చు."

"అయితే ఫికర్ లేదు. నూరు మీద కొడత. వాడు సగం దారిల ఆగుతడు."

"కొట్టకు," అంటాడు సదాశివ్.

"ఏంది?"

"డెబ్బై దాటకు. నీళ్ల మీద బండి తేలుతది. ముందు టైర్లు ఉల్టా ఏసిన."

కాశీబాయి ముందు సీటు పట్టుకుని వంగుతుంది.

"మరిసిపోయి ఏసినవా?" కాశీబాయి గొంతు.

"లేదక్కా. తెలిసే ఏసిన."

పీరప్ప ఒక్క క్షణం అతని వైపు చూస్తాడు. ఆ చూపులో కోపం లేదు. అన్న శవాన్ని క్వారీలోంచి పైకి మోసుకొచ్చిన మనిషి చూపు అది.

"నన్ను సంపుదామనుకున్నవ్ అన్నట్టు."

"నువ్వు మా అక్క కోసం వచ్చినవనుకున్న. పిస్తోలు సూసిన."

"అడగకపోతివి సేటూ."

"ఏమని అడగాలె? మా అక్కను సంపెతందుకే పోతున్నవా అనా?"

వెనక కిటికీలో జీపు లైట్లు పెద్దవవుతున్నాయి. రోడ్డు చెరకు తోటల మధ్య వంపు తిరుగుతుంది. వంపులో క్షణకాలం ఆ వెలుగు మాయమవుతుంది.

"ఆపు," అంటాడు సదాశివ్. "ఇక్కడ్నే. ఇద్దరు దిగుండ్రి."

"తమ్మీ..."

"చెరుకుల పడి అడ్డంగ పోతే హైవే ఎంతసేపే? ఆ గట్లన్నీ నీకెరుకనే. వాళ్లు సప్పుడు ఇనుకుంట వస్తున్నరు. సప్పుడు ఆగొద్దు."

పీరప్పకు ముందుగా అర్థమవుతుంది. కారు పూర్తిగా ఆగకముందే తలుపు తెరుస్తాడు. కాశీబాయిని చెయ్యి పట్టి బయటికి లాగుతాడు.

ఆమె తమ్ముడి తల మీద చెయ్యి పెడుతుంది. తడి చెయ్యి.

"వాగు కాడ మెల్లగ పో," అంటుంది. "మెల్లగ పోతే ఏం గాదు గద?"

"ఏం గాదు."

అబద్ధం కాదు. మెల్లగా పోతే కారు తేలదు.

కానీ మెల్లగా పోతే జీపు పక్కకు వస్తుంది. లోపల ఆమె లేదని చూస్తారు. వెనక్కి తిరుగుతారు. చెరకు తోటకు నాలుగు వైపులా దారులున్నాయి. రామ్‌రావుకు మనుషులున్నారు.

సదాశివ్ డ్రైవర్ సీట్లోకి జరుగుతాడు. చెరకాకులు వాళ్లిద్దరి మీదుగా కలుసుకుంటాయి. జీపు వెలుగు వంపు తిరుగుతుంది.

యాక్సిలరేటర్.

ఊళ మళ్లీ లేస్తుంది. వానను, చీకటిని, పైరును కోసుకుంటూ...

జీపు చెరకు తోట దగ్గర ఆగదు. దాటి వస్తుంది.

అరవై. డెబ్బై.

వాగు మీది కాజ్‌వే, నీళ్లు పైనుంచి పారే ఆ తక్కువెత్తు వంతెన, ఇరుకైనది. కాజ్‌వేకు రెండు పక్కలా రాతి దిమ్మెలు. ఒక బండి అడ్డం పడితే సైకిల్ కూడా దాటలేదు. వెనకే వచ్చేవాడు బ్రేకు వేసినా, పాచి పట్టిన ఆ వాలు మీద ఆగలేడు. ఇవన్నీ అతను లెక్క చూసుకున్నాడు. టైరు ఎంచుకున్నంత శ్రద్ధగా.

ఎనభై.

లైట్ల వెలుగులో నీళ్లు నల్లటి రేకులా మెరుస్తున్నాయి.

తొంభై.

చక్రాలు నీటిని తాకుతాయి.

ఊళ ఆగిపోతుంది.

ఒక్కసారిగా. పూర్తిగా. స్టీరింగ్ చేతుల్లో దూదిలా తేలిపోతుంది. కింద రోడ్డు లేదు. కారు తన చుట్టూ తాను మెత్తగా తిరుగుతుంది. అంత నిశ్శబ్దం సదాశివ్ ఎప్పుడూ వినలేదు.

తర్వాత రాయి!

అద్దం పగిలి ఒళ్లంతా చల్లుకుంటుంది. కారు కాజ్‌వేకు అడ్డంగా ఇరుక్కుంది. దాని నడుముకు జీపు ముక్కు వచ్చి గుద్దుకుంటుంది. జీపు ఇంజన్ నీళ్లు మింగి, రెండుసార్లు దగ్గి, చచ్చిపోతుంది.

లైటు ఒకటి ఇంకా వెలుగుతోంది.

రామ్‌రావు దిగుతాడు. నుదుటి మీద నెత్తురు. మోకాళ్లదాకా నీళ్లు. చేతిలో పిస్తోలు. వంగి వెనక సీట్లోకి చూస్తాడు. గోనెసంచి ఒక్కటే ఉంది.

"ఏదిరా నీ అక్క?"

సదాశివ్ కాలు కదలడం లేదు. నోట్లో రక్తం. అయినా మాట స్పష్టంగానే వస్తుంది.

"కోర్టుకు పోయింది."

రామ్‌రావు జీపు వైపు తిరిగి చూస్తాడు. చీకటి రోడ్డు వైపు చూస్తాడు. జీపు ఇక కదలదు. నడిచి వెళ్లి ఆమెను అందుకోలేడు.

మళ్లీ సదాశివ్ వైపు తిరిగి పిస్తోలు ఎత్తుతాడు.

ఠాప్!