పోపు లేని పప్పు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగింది. తాల్‌బగీచాలో తన ఇంటి అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చున్న ఉమాశంకర్ ముక్కు వంటింటి వైపు తిరిగింది. ముక్కుకేం, ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. వచ్చిన తేడా అంతా ఆ కిందనే, గొంతులో ఎక్కడో.

రైల్వే గార్డుగా రిటైరైన ఆ మనిషికి ఊళ్ళన్నీ రుచులతోనే గుర్తు. భద్రక్ అంటే పలువా లడ్డు, కటక్ అంటే దహీబరా, పలాస అంటే నేతిలో వేగిన జీడిపప్పు. ఏటేటా పాసు చేతికి రాగానే పెళ్ళాన్నీ కూతుర్నీ రైలెక్కించి, గుళ్ళు చూపిస్తానని చెప్పి హోటళ్ళు చూపించేవాడు. అలాంటివాడికి దుర్గాపూజల నుంచీ ముద్ద దిగటం లేదు. మొదట గ్యాసనుకున్నాడు. తర్వాత ముద్దముద్దకీ నీళ్ళు తాగాడు. ఇప్పుడు ఆ నీళ్ళు కూడా ఒక్కోసారి లోపల ఆగి, ఆలోచించుకుని దిగుతున్నాయి.

తండ్రి పేరు దేముడు. ఆయనకీ ఇలాగే మొదలైంది. ఆఖర్న తల్లి పోలమ్మ చెంచాతో మజ్జిగ పోస్తే, అదీ పెదవుల పక్కనుంచి కారిపోయేది. కాట్పాడి తీసుకెళ్ళి, తిరిగి తెచ్చారు. అంతే. ఖరగ్‌పూర్‌లో కాట్పాడి అంటే ఒట్టి ఊరు పేరు కాదు. పెద్ద జబ్బులవాళ్ళు ఆసుపత్రి కోసం దిగే స్టేషను. కుక్కరూ, దుప్పట్లూ, ఎక్స్‌రే కవర్లూ పట్టుకుని ఆ బళ్ళెక్కేవాళ్ళని చూస్తే, పచ్చజెండా ఊపుతూనే ఉమాశంకర్ మొహం తిప్పుకునేవాడు.

అందుకే ఎవరికీ చెప్పలేదు. నోటితో అననంతవరకూ అది జబ్బు కాదని ఒక మొండి ధైర్యం.

"ఏటండీ, టిఫిన్ పెట్టీమంటారా?" లోపల్నుంచి భార్య రాధారాణి కేకేసింది.

"ఏటి సేసినావు?"

"ఉప్మా."

"మళ్ళీ ఉప్మాయేనా? అదీ జావలాగ! నీకేటైందే ఈమధ్య? అన్నం చూస్తే ముద్ద. పప్పులో పోపు కనపడదు. సాంబార్లో మునక్కాడ కనపడదు. నీ చెయ్యి పాడైపోనాది రాధా."

"వయసైపోనాది కదండీ," అందామె. ఒకప్పుడైతే గరిటె పట్టుకుని పోట్లాటకి బయటికొచ్చేది.

అంతలో గేటు దగ్గర స్కూటీ ఆగింది. ట్రాఫిక్ కాలనీ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే కూతురు కిరణ్మయి, డబ్బా పట్టుకుని వచ్చింది.

"నాన్నా, గారెలు! వేడిగా తిను."

గారెని చూడగానే ఉమాశంకర్ నోట్లో నీళ్ళూరాయి. గుండెలో దడ పుట్టింది. రెండూ ఒక్కసారే. కూతురు కళ్ళార్పకుండా చూస్తోంది. ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, పిండి పిండి అయ్యేదాకా నమిలి మింగాడు.

ఆగిపోయింది.

చేతులు కడుక్కునేవాడిలా పెరట్లోకి నడిచాడు. జామచెట్టు పట్టుకుని వంగాడు. రొమ్ము లోపల రాయి పడ్డట్టుంది. కిందికి పోదు, పైకి రాదు. వీధిలో టోటో రిక్షా హారన్ ఎక్కడో దూరంగా వినిపించింది. నాన్న కళ్ళు గుర్తొచ్చాయి, మజ్జిగ చెంచా వైపు బెదురుగా చూసిన కళ్ళు. ఎలాగో కక్కాడు. మొహం కడుక్కుని, మీసం దువ్వుకుని లోపలికి తిరిగాడు.

"నంబర్ వన్ గారె! అల్లం ఒక రవ్వ ఎక్కువైందంతే."

కిరణ్మయి పెరటి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"అయితే ఇంకోటి తిను నాన్నా."

"కడుపు నిండిపోనాది."

"ఒక్క ముక్కకా? పెళ్ళిళ్ళల్లో నిన్ను చూసి వడ్డించేవాళ్ళు బకెట్లు దాచుకునేవారు." ఆమె డబ్బా మూత పెట్టేసింది. "నీ తిండి నేనూ చూస్తూనే ఉన్నాను. కాట్పాడికి టికెట్లు తీసినాను. సోమవారం. నువ్వూ, అమ్మా, నేనూ."

"ఎవరు తియ్యమన్నారు నిన్ను? క్యాన్సిల్ చేసీ! మా నాన్నని అలాగే తీసుకెళ్ళినాం. ఏటి తెచ్చినాం?"

"తాతని ఆఖర్న తీసుకెళ్ళినారు. అంతవరకూ ఆయనా నీలాగే దాచినాడు."

"నాకేటీ లేదు! మీ అమ్మ వంట సరిగ్గా ఏడిస్తే నేనూ తింటాను. రా, ఆ పప్పు నీకే చూపిస్తాను!"

విసవిసా వంటింట్లోకి వెళ్ళి, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

రాధారాణి ఇటు వీపు పెట్టి నిలబడి ఉంది. టీ వడబోసే జాలీలో పప్పు పోసి, గరిటె వెనకతో మెత్తగా నొక్కుతోంది. కింద గిన్నెలోకి పప్పు నున్నగా దిగుతోంది. జాలీలో మిగిలాయి ఆవాలు, ఎండుమిరప గింజలు, టమాటా తొక్కలు, కరివేపాకు ఈనెలు. పక్కన చిప్పలో మునక్కాడలు. చెంచాతో గుజ్జంతా గీకేసిన ఉత్త డొప్పలు.

పోపు రోజూ వేస్తూనే ఉంది. వేసి, ఏరేస్తోంది.

"ఎప్పట్నుంచే?" అన్నాడు.

ఆమె తిరగలేదు. "దీపావళినాడు అట్టు అంచులు తుంచి కంచం కింద దాచినారు చూడండి. అప్పట్నుంచి."

"మరి నన్నడగలేదేం?"

"అడిగితే అవునంటారని భయమేసింది."

ఉమాశంకర్ పీట లాక్కుని కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఆ భయం తన ఒక్కడిదే అనుకున్నాడు. పక్క కంచంలో ఆమె కూడా ఈ ముద్దన్నమే తింటోందని ఇప్పుడు గుర్తొచ్చింది.

"పెట్టు," అన్నాడు.

ఆమె కలిపి పెట్టింది. మొదటి ముద్ద సగంలో ఆగింది. ఈసారి అతను పెరట్లోకి పోలేదు. ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా, అది మెల్లగా దిగేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

"దిగటం లేదు రాధా," అన్నాడు. "ముద్ద దిగటం లేదు."

గుమ్మంలో కిరణ్మయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. రాధారాణి అన్నంలో వేడినీళ్ళు పోసి, మళ్ళీ పిసికింది.

"ఇప్పుడు చూడండి."

దిగింది.

"సోమవారం దారికేటి కడతావు?" అనడిగాడు, కాసేపటికి.

"మీకు పల్చగా మజ్జిగన్నం. నాకూ అదే."

"నీకొద్దు. నీకూ పిల్లకీ పులిహోర కట్టు. ఇంగువ దండిగా వేసి, పోపు ఏరకుండా." మీసం తుడుచుకున్నాడు. "నా ఎదురుగా కూర్చుని తినండి. నేను వాసన చూస్తాను."