రెండో దారి

"మామా... జల్దీ!"

బైకు ముత్తంగి జంక్షన్ దాటి రింగ్ రోడ్డు పక్క సర్వీస్ రోడ్డులోకి దూకుతుంది. ఎదురుగా రాంగ్ రూట్‌లో లారీ! నర్సింహులు హ్యాండిల్ విరుస్తాడు. వెనక రుచిత ఒళ్ళోని, ఫైబర్ ఎక్కడ తెగిందో చూపే మీటర్‌ని రెండు చేతులా వాటేసుకుంటుంది.

చీకటి పడింది. సన్నగా వాన.

టైమ్ ఏడూ పది. ఎనిమిదింటి దాకా... ఇంకో యాభై నిమిషాలు. అంతే!

పాశమైలారంలో రుచిత పనిచేసే ఫ్యాక్టరీ ఆప్టికల్ పెట్టెలు చేస్తుంది. కాంతితో డేటా పంపే పెట్టెలు. ఏ కంపెనీ పెట్టెతోనైనా ఇట్టే కలిసిపోతాయి. పెద్ద కంపెనీలకి కంట్లో నలుసు అదే. వాళ్ళ పెట్టె ఒకటి కొంటే చచ్చేదాకా వాళ్ళ దగ్గరే కొనాలి మరి!

ముత్తంగి డేటా సెంటర్ నుంచి సంగారెడ్డి దాకా ట్రయల్. ఈ చివర వీళ్ళ పెట్టె, ఆ చివర ఇంకో కంపెనీది. మూడు రోజులు, ఈ రాత్రి ఎనిమిదింటి దాకా, లింక్ ఆగకూడదు. ఆగకపోతే ఆర్డర్. ఆగితే ఫ్యాక్టరీకి తాళం, నూట నలభై మంది రోడ్డు మీద. అందులో ప్యాకింగ్ చేసే అరుణమ్మ ఒకరు. రుచిత తల్లి.

లింక్‌కి రెండు దారులు. ఒకటి పోతే కన్ను మూసి తెరిచేలోపు రెండోది అందుకుంటుంది. ఆరున్నరకి మొదటి దారి పోయింది. రెండోది కూడా పోతే... అంతే సంగతులు!

"మీటర్ల ఎంత దూరం సూపెడ్తుంది బిడ్డా?" నర్సింహులు అరుస్తాడు. ఫైబర్ లైన్లు చూసే మనిషి. ఇద్దరిదీ ఒకే ఊరు.

"మూడు వేల తొమ్మిది వందల మీటర్లు!"

"ఒక్కో డబ్బాల ఇరవై మీటర్ల తీగ చుట్ట చుట్టి పెడ్తం. ఐదు డబ్బాలకు వంద తీసెయ్... మూడు వేల ఎనిమిది వందలు. గదే! ధాబా ముంగట డబ్బా!"

సడన్ బ్రేక్!

డబ్బా తలుపు తెరుస్తారు. ఫైబర్ తెగలేదు. ఎవరో కనెక్టర్ పీకేశారు!

పీకిన చివరకి నీలం క్యాప్. చుట్టూ ఒక వరస తెల్ల టేపు, కొసన చిన్న మడత.

రుచిత వంగి దగ్గరగా చూస్తుంది.

దుమ్ము పడకుండా క్యాప్... క్యాప్ ఊడకుండా టేపు... వాళ్ళ ఫ్యాక్టరీ పద్ధతి. పాడుపనికి వచ్చినా అలవాటుపడ్డ చెయ్యి ఊరుకోలేదు!

పైగా టేపు తిరగేసి చుట్టి ఉంది. ఎడమచేతి వాటం. ఫ్యాక్టరీలో అలాంటి మనిషి ఒక్కరే. కొత్తలో ఆమెకు క్యాప్ పెట్టడం నేర్పింది ఆ చెయ్యే.

"ఎవడు బిడ్డా?"

రుచిత చివర తుడుస్తుంది. కనెక్టర్ నొక్కుతుంది. టక్! ఫోన్ తెరమీద మొదటి దారి పచ్చగా వెలుగుతుంది.

అప్పుడే రింగ్. మురళీమోహన్ సార్! ఫ్యాక్టరీ ఓనర్.

"దొరికిందా అమ్మా?"

"దొరికింది సార్. తెగింది. కలపనీకి గంట పడ్తది."

"గంటా... సరే. నువ్వక్కడే ఉండు. రెండో దారి సంగతి నేను చూసుకుంటాను."

కట్!

నర్సింహులు నోరు తెరుస్తాడు. "కలిపినవ్ గదా! అబద్ధమెందుకు చెప్పినవ్?"

"నా అనుమానం తప్పు గావాలె మామా. రెండో దారి డబ్బా కాడికి పోదాం... పా!"

ఇస్నాపూర్. ఏడూ నలభై రెండు.

లైట్లు ఆర్పిన కారు. తెరిచిన డబ్బా. దాని ముందు మురళీమోహన్. ఎడమ చెయ్యి కనెక్టర్ మీద!

"సార్!"

ఉలిక్కిపడతాడు. "ఇక్కడికెందుకొచ్చావ్?"

"పీకకుండ్రి సార్! మీ కాళ్ళు మొక్కుత!"

"నీకు తెలీదమ్మా. పెద్ద కంపెనీవాళ్ళు నన్ను తీసుకుంటున్నారు. ట్రయల్ ఫెయిలవ్వాలి. అదే వాళ్ళ షరతు. నీకూ ఉద్యోగం ఇమ్మని చెప్పాను."

"మా అమ్మకు ఇస్తరా? నూట నలభై మందికి ఇస్తరా?"

మురళీమోహన్ చూపు కనెక్టర్ మీదికి తిప్పుకుంటాడు.

"ఈ పెట్టె మనం కలిసి చేసినం సార్! ఆరేండ్లు!"

తండ్రి లేని పిల్లకి పెద్దదిక్కుగా నిలిచిన మనిషి. ఇంట్లో ఏ కష్టమొచ్చినా ముందు చెప్పుకున్నది ఈయనకే. ఇంత మోసమా!

నర్సింహులు మీదికి ఉరకబోతాడు. రుచిత చెయ్యి అడ్డం పెడుతుంది.

"వద్దు మామా. ఆయన్నే ఆగనియ్యి."

మురళీమోహన్ ఆమె కళ్ళలోకి చూస్తాడు. ఒక్క క్షణం... పట్టు వదులవుతుంది...

మళ్ళీ బిగుస్తుంది.

టక్!

పీకేశాడు!

"సారీ అమ్మా..."

ఫోన్ మోగుతుంది. రుచితది కాదు. అతనిది! తడి వేలు తగిలి స్పీకర్ ఆన్ అవుతుంది. పెద్ద కంపెనీవాడి గొంతు.

"ఏమయ్యా మురళీ! ఏడున్నరకల్లా లింక్ ఆపేస్తానన్నావ్! ఇంకా నడుస్తూనే ఉందేంటి?"

"ఇ... ఇప్పుడే పీకేశాను..."

"నా కళ్ళముందు నడుస్తుంటే పీకేశానంటావేంటయ్యా!"

మురళీమోహన్ మొహం పాలిపోతుంది. మెల్లగా రుచిత వైపు తిరుగుతాడు.

"మొదటి దారి ఎప్పుడో కలిపిన సార్. మీకు అబద్ధం చెప్పిన."

కన్నీళ్ళు ఆగడం లేదు. తుడుచుకోవాలని కూడా లేదు ఆమెకి.

"ఆ సంగతి మీకు తెల్వకున్నా... మీరు పీకరనుకున్న సార్!"