విచారణకొచ్చిన పెళ్ళికొడుకు

"ఈ చొక్కాలన్నీ ఎవరివండీ?"

ఓడరేవు పక్కన వాట్‌గంజ్ సందులోని ఆ పాత మేడ వరండాలో నిలబడి అతను బెంగాలీలో అడిగిన మొదటి ప్రశ్న అది. దండెం నిండా మగవాళ్ళ చొక్కాలే మరి. చేతిలో ఫైలు, మెడలో పెన్షన్ ఇన్‌స్పెక్టరని ఐడీ కార్డు, ముఖాన అరువు తెచ్చుకున్న గాంభీర్యం.

జెరూషా ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. వితంతు పెన్షన్‌కి దరఖాస్తు పెట్టిన దగ్గర్నుంచి ఎవరో ఒకరు రావడం, ఏదో ఒకటి అడగడం. ఆమె ఓపిక ఎప్పుడో ఆవిరైపోయింది.

"మా ఆయన్లవి," అంది తనూ బెంగాలీలోనే. "ఇంతమందిని మేపుతున్నాను. పెన్షన్ కాస్త ఎక్కువ రాయండి, దాదా."

అతను నిజంగానే పెన్ను తీశాడు!

జెరూషా గుమ్మంలో కూర్చున్న అత్త మేరీరాణి వైపు తిరిగి తెలుగులో అంది. "రాసేస్తన్నాడు సూడత్తా. వాడిపోయిన గోంగూర కట్టలాగ ఆ మొహమూ, ఆడూను."

"గోంగూర కట్టకి తెలుగొచ్చండీ," అన్నాడతను తలెత్తకుండా. "మాది ఖరగ్‌పూర్. నాన్న రైల్వే. నా పేరు కృపాకర్."

జెరూషా చెవులదాకా ఎర్రబడింది. మేరీరాణి మాత్రం కడుపు పట్టుకుని నవ్వింది.

"అవి ఓడల డాకు మెస్సులో కుర్రోళ్ళ బట్టలు బాబూ! మా కోడలు ఉతికి ఇస్త్రీ సేసి ఇస్తాది. మా వోడు జొరమొచ్చి పోయిన కాడ్నుంచి నన్నూ, పిల్లనీ అదే సాకతంది."

కృపాకర్ ముఖంలో గాంభీర్యం కరిగిపోయింది. చూసింది చూసినట్టు రాసుకుని, తలుపు పక్కనున్న పాప షారోనుకి టాటా చెప్పి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి పెన్షన్ పడినట్టు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. జెరూషా ఆ మెసేజ్‌ని మళ్ళీ మళ్ళీ చూసుకుంది. ఒకరు జాలిపడి ఇచ్చింది కాదు, తన పేరు మీద, తన హక్కుగా వచ్చింది. ఆ రోజు ఖిదిర్‌పూర్ బజారుకి వెళ్ళి, పాపకి బడి బూట్లు బేరమాడకుండా కొన్నది.

పెన్షన్ వచ్చింది కాబట్టి ఇన్‌స్పెక్టరుగారి పని అయిపోవాలి. అవలేదు.

ఒకసారి రేషన్ కార్డులో పాప పేరు ఎక్కిందో లేదో చూడ్డానికి వచ్చాడు. ఇంకోసారి ఆరోగ్య కార్డు గురించి చెప్పిపోదామని వచ్చాడు. మేరీరాణి వృద్ధాప్య పెన్షన్‌కి దగ్గరుండి దరఖాస్తు పెట్టించాడు. షారోను అతనికి 'పెన్షన్ మామ' అని పేరు పెట్టేసింది.

ఒక ఆదివారం జెరూషా చర్చి నుంచి వచ్చేసరికి, కుండపోత వానలో, వరండా చూరు కింద నిలబడి ఉన్నాడు. జుట్టులోంచి నీళ్ళు ముక్కు మీదికి కారుతున్నాయి.

"ఆదివారం కూడా సర్కారు పనేటి, దాదా?" అంది జెరూషా నవ్వు బిగబట్టి.

"కొత్త పథకం వచ్చిందండీ. ఇళ్ళల్లో టీ ఎలా ఉంటందో సర్వే."

"లబ్ధిదారు ఎవురూ?"

"నేనేనండీ."

ఆమె తువ్వాలు అతని మీదికి విసిరి లోపలికెళ్ళింది. అల్లం కాస్త ఎక్కువే దంచింది.

"ఒక మాటండీ," అన్నాడు కప్పు అందుకుంటూ. "నన్ను దాదా అనకండి. అన్నయ్యా అన్నట్టు వినబడి గుండెల్లో కలుక్కుమంటంది."

"ఊరందరూ అన్నదే గదా. మరేటనాల?"

"పేరుంది కదండీ నాకు."

పేరు పెట్టి పిలవలేదామె. కానీ మర్నాడు కాలర్లు రుద్దుతూ 'కృపాకర్' అని గొంతులోనే ఓసారి అనుకుని చూసింది.

"ఏటే గొణుగుతన్నావ్?" అంది అత్త.

"ఎండ మండిపోతందంటన్నాను."

"మబ్బేసుంది గదే!"

ఆ వారంలోనే పిడుగు పడింది. కృపాకర్ పై అధికారి మిత్రాదీ స్వయంగా మెట్లెక్కి వచ్చింది. ఆమె వెనక, హోమ్‌వర్కు చేయని పిల్లాడిలా కృపాకర్.

"నీ ఇంటికి ఎవరో మగమనిషి తరచూ వస్తున్నాడని ఆఫీసుకి ఫోన్ వచ్చింది," అంది మిత్రాదీ. "విచారణ ఇతనికే అప్పగించాను. 'ఆ మనిషిని నేనే, నామీద నేనెలా విచారణ చేసుకోను?' అన్నాడు. చెప్పమ్మా, ఇతను వస్తాడా?"

పాప బడి, అత్త మందులు, తన పేరుతో వచ్చే ఆ మెసేజ్ జెరూషా కళ్ళముందు తిరిగాయి. రాడు అంటే సరిపోతుంది. అతని వైపు చూసింది. అబద్ధమాడమన్న వేడుకోలు ఆ ముఖంలో ఎక్కడా లేదు.

"వస్తాడు," అంది. "టీ తాగుతాడు. బావుందని ఒక్కసారీ అనడు."

"బావుంటదండీ!" అన్నాడు కృపాకర్ కంగారుగా, తెలుగులో. "ఎక్కువ పొగిడితే రావొద్దంటారేమోనని..." మిత్రాదీ వైపు తిరిగి బెంగాలీలోకి మారాడు. "మేడమ్, నేను పథకాల కోసం రావడంలేదు. ఈవిడ కోసమే వస్తున్నాను. పెన్షన్ రిపోర్టు మాత్రం నిజాయితీగానే రాశాను. తప్పు పడితే నామీద పడనివ్వండి."

మిత్రాదీ కళ్ళజోడు సర్దుకుంది. "టీ తాగితే పెన్షన్ ఆగదు. పెళ్ళి చేసుకుంటే ఆగుతుంది. అంతవరకూ అది ఈమె హక్కు. కానీ, ఈ ఫోన్ చేసిందెవరో?"

"నానే," అంది మేరీరాణి.

"అత్తా!"

"నోరు ముయ్యవే. టీ తాగితే పెన్షన్ పోదని ముందే అడిగి తెలుసుకున్నాను. మీరిద్దరూ అల్లం, సర్వే అనుకుంటా ముసలాళ్ళయిపోతారు. సర్కారోళ్ళు అడిగితేనన్నా నిజం సెప్తారని సేశాను." ఆమె కోడలి చెయ్యి పట్టుకుంది. "మా వోడు ఉన్నన్నాళ్ళూ నిన్ను నవ్వించేవోడు. ఆ నవ్వు మళ్ళీ ఇన్నాళ్ళకి ఇన్నాను. నా గురించి బెంగెట్టుకోకు. నా పెన్షన్ నాకుంది."

"మీరు లేకుండా మేమెక్కడికీ పోం, అత్తా," అన్నాడు కృపాకర్. అన్నాక, ఏ వరసతో పిలిచాడో గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు.

జెరూషా చీర కొంగుతో కళ్ళొత్తుకుంది. చాలాసేపు దండెం మీది బట్టలు సర్దుతున్నట్టు నటించింది. తర్వాత మిత్రాదీ దగ్గరికొచ్చి, చాలా వినయంగా బెంగాలీలో అడిగింది.

"దీదీ, పెన్షన్ ఆపెయ్యమని చెప్పాలంటే ఎవరి దగ్గరికి రావాలి?"

"అయ్యో, అదేంటండీ!" కృపాకర్ అదిరిపడ్డాడు. "ఆపడం దేనికి? ఇప్పుడే కదా మేడమ్ చెప్పారు, మీ హక్కని! పెళ్ళయితే తప్ప..."

అక్కడితో ఆగిపోయాడు.

మిత్రాదీ నవ్వుతూ మెట్లు దిగిపోయింది. కృపాకర్ ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు. జెరూషా లోపలికెళ్ళి టీ పెట్టుకొచ్చి, అతని చేతిలోంచి ఫైలు లాగేసి, కప్పు పెట్టింది.

"తాగండి, కృపాకర్‌గారూ. సల్లారిపోతది."